చేతులు చూపించు

1942 ఫిబ్రవరి 2, సోమారం

ఇయ్యాల మళ్ళ లడాయి అయింది, డాక్టరమ్మకు నాకు. శ్యామలమ్మ గారు సబ్బుతోని చేతులు కడుక్కుంట, నా మొకం కూడ చూడకుంట అంటది: "జానమ్మా, పిల్లలకు పాఠం చెప్పడానికి పనికొచ్చే శాస్త్రం వేరు, పిచ్చి కుదిర్చే వైద్యం వేరు. నేను మద్రాసు పిచ్చాసుపత్రిలో ఏడాది పనిచేసి వచ్చాను. నువ్వు మద్రాసులో పుస్తకాలు చదివి వచ్చావు. కూర్చో, మాట్లాడు, కాదనను. నా మందుల జోలికి మాత్రం రాకు."

చదివిన. అవును, చదివిన. మా గూడెంల జీతగాని బిడ్డ మద్రాసు దాక పోయి మనశ్శాస్త్రం చదివొచ్చింది, గది తప్పా? గుంటూరు నుంచి వచ్చిందని, డాక్టరని, అందరు లేచి నిలబడ్తరని గంత మిడిసిపాటు అక్కరలే. బడిని, దవఖానను నడిపే మిషన్ దొర ఒప్పుకున్నడు కాబట్టి బడి అయిపోయినంక నన్ను ఆడోళ్ళ వార్డుకు రానిస్తాంది. లేకుంటే గడప తొక్కనియ్యకపోవు.

వార్డుకు కొత్త మనిషి వచ్చింది. బక్కమ్మ. కురుమోళ్ళామె, షాద్‌నగర్ దిక్కు పల్లె, ముప్పయ్యేండ్లుంటయో లేవో. పెనిమిటి బీరన్న బండిల పండవెట్టి తెచ్చిండు. కార్తీకంల ఒక్కగానొక్క కొడుకు జరమొచ్చి పోయిండట. గప్పటి సంది నిద్ర లేదు, సరిగ తిండి లేదు. చీకట్ల గొంగడి కప్పుకొని కూసుంటది, ఎండల్కి గుంజితే మొత్తుకుంటది. ఎవ్వరిని ముట్టుకోనియ్యదు. డాక్టరమ్మ గొంగడి మీదికెల్లే గుండె చూసింది, నిద్ర మందు రాసింది. "నెల రోజులు చూస్తాను. మనిషి కాకపోతే హైదరాబాదు పిచ్చాసుపత్రికి పంపిస్తాను" అని బీరన్నతోని అన్నది. బీరన్న రుమాలు చేతుల పట్టుకొని నిలబడ్డడు. ఇక్కడికెల్లి హైదరాబాదు పోయినోళ్ళు తిరిగి ఇల్లు చేరింది నేనైతే చూడలే.

పోనియ్య. చూద్దాం ఎవరి శాస్త్రం ఏందో.

ఫిబ్రవరి 6, శుక్కురారం

బక్కమ్మ పక్కన గచ్చు మీద కూసున్న. కుర్చీల కూసుంటే డాక్టర్ లెక్క కనవడ్త. (శ్యామలమ్మ గారు ఎన్నడన్న కింద కూసున్నదా?) మీ మందల నల్లయి ఎక్కువనా తెల్లయి ఎక్కువనా అని గొర్ల ముచ్చట తీసిన. పలుకలే. మా అవ్వ ముచ్చట తీసిన. పలుకలే. ఆయా మారెమ్మ తలుపు కాడ నిలబడి నవ్వుతాంది: "టీచరమ్మా, గోడతోని మాట్లాడినా గింతసేపటికి ఊ కొడ్తుండె."

లేచి పోతుంటే గొంగడి లోపలికెల్లి సన్నగ మాట వచ్చింది. "ఎండ కొరుకుతాంది."

కిటికీలకెల్లి ఎండ ఆమె కాళ్ళ మీద పడుతుండె. తలుపు జరిపిన. ఎండ కొరుకుడు! ఎండంటే పదిమంది చూపు. కొడుకును కాపాడుకోలేని తల్లి పదిమంది కండ్లల్ల పడలేకపోతాంది. గిది సీసాల మందుతోని పోతదా? నాకు ఎంత సంతోషమైందో రాయరాదు. సంతోషపడే ముచ్చట కాదని ఎర్కనే.

ఫిబ్రవరి 10, మంగళారం

"నువ్వు ఎవలి బిడ్డవు?" అని బక్కమ్మ అడిగింది. గంతే. సాలు.

ఫిబ్రవరి 13, శుక్కురారం

వార్డుకెల్లి వచ్చి సీద గిదే రాస్తున్న.

ఇయ్యాల ఉక్కపోతకు గొంగడి జార్చింది. మెడల గుండ్ల దండలు, పుస్తెల తాడు. దండ పక్కకు జరిగితే కనవడ్డది. మెడ చుట్టు నల్లగ, గుండ్రంగ, తాడు బిగించినట్టు కమిలిన గీత. తోలు పొట్టు లేస్తాంది. నేను చూసుడు చూసి దండ మీదికి గుంజుకున్నది. అప్పుడు చేతులు కూడ కనవడ్డయి. మణికట్ల దాక నల్లగ, పగిలి, నిప్పుల పెట్టి తీసినట్టు.

ఉరి పెట్టుకున్నది. కొడుకు పోయినంక ఉరి పెట్టుకున్నది, ఎవరో దించిండ్రు. చేతులు కాల్చుకున్నది. ఇంకేం కావాలె? మద్రాసుల మా ప్రొఫెసర్ చెప్పినట్టే ఉన్నది, తనకు తానే శిక్ష వేసుకునే మనసు.

"ఎవలికి చెప్పకు" అన్నది. చెప్పనన్న.

చెప్ప. రోగి నాకు నమ్మి చూపిన సంగతి నా దగ్గరనే ఉండాలె, గది మా ధర్మం. డాక్టరమ్మకు చెప్పవలసిన పని లేదు. అదీగాక మొన్ననే అన్నది గదా, చావబోయినవాళ్ళను మన దగ్గర ఉంచుకోవడం కుదరదు, తెల్లారే రైలెక్కిస్తానని. గందుకు కాదు నేను చెప్పనిది. ధర్మం కాబట్టి.

ఫిబ్రవరి 18, బుధారం

శ్రమల రోజులు, ఈస్టర్ ముంగటి నలబై రోజుల ఉపాసాలు, షురూ అయినయి. ఈస్టర్ దాక బెల్లం ముట్టనని మా మిషన్ గుడిల అనుకున్న. డాక్టరమ్మ ఏమీ మానదు, మానేటోళ్ళను చూసి నవ్వుతది. "ఒళ్ళు అడిగినది ఒంటికి పెట్టండమ్మా" అంటది.

ఫిబ్రవరి 20, శుక్కురారం

పల్లీ పట్టీ తిన్న. పిల్లలు పెట్టిండ్రు, వద్దంటే చిన్నబోతరని. చిన్న ముక్కనే.

ఫిబ్రవరి 24, మంగళారం

బీరన్న వచ్చిండు. భార్య కాళ్ళకాడ కూసొని శానసేపు చూసి బయటికి వచ్చిండు. ఏప చెట్టు కింద అడిగిన, కొడుకు ముచ్చట.

"ఐలేశం అని పేరు. ఐదేండ్లోడు. నేను మందను తోలుకొని కృష్ణ ఒడ్డు దిక్కు పోయిన టీచరమ్మా, హుజూర్‌నగర్ అవతల మళ్ళల్ల మంద పెట్టినం. కబురు అందేవరకు మన్ను చేసిండ్రు. నేను మొకం సూడలే."

"ఇంట్ల తాడు... ఏమన్న అయిందా బక్కమ్మకు?"

"ఏం తాడు?"

దాస్తున్నడు. పరువుకు దాస్తున్నడు పాపం. నేను ఎక్కువ అడుగలే.

"మా పెద్దోళ్ళు ఇంకొక మనువు చేసుకోమంటుండ్రు" అన్నడు పోతపోత. "ఈమె నా ఇంటికి నడిచొస్తదా, రాదా? గదొక్కటి చెప్పుండ్రి. కాళ్ళు మొక్కుత."

వస్తదని చెప్పిన. ఎట్ల చెప్పిన్నో ఏమో.

ఫిబ్రవరి 27, శుక్కురారం

బక్కమ్మ గురించి మా ప్రొఫెసర్‌కు ఒక వ్యాసం రాస్తే ఎట్లుంటదని ఆలోచన చేస్తున్న. అచ్చు వేస్తే? శ్యామలమ్మ గారి బల్ల మీద పెట్టి రావాలె, మాట్లాడకుంట.

ఇయ్యాల ఆమెనే నన్ను పిలిచింది. "జానమ్మా, ఆ కురుమామెకు విరేచనాలు కట్టడం లేదు. మారెమ్మ గుడ్డలు ఉతకలేక చస్తోంది. జిగట అనుకుని మందిచ్చాను, లొంగలేదు. నీకేమైనా చెప్పిందా? తిండి సంగతి, ఒంటి సంగతి?"

"మీ మందుల జోలికి నేను రాను డాక్టరమ్మా. నా మాటల జోలికి మీరు రాకుండ్రి" అన్న.

ఆమె మొకం ఎట్లయిందో! తోవ పొడుగుత నవ్వుకుంట వచ్చిన. గెలిచిన ఇయ్యాల.

మార్చి 3, మంగళారం

బక్కమ్మ నన్ను గుర్తు పట్టలే. "అవ్వా" అన్నది. మంచం కింద గొర్రెపిల్లలు ఉన్నయంట, తోలమంటది. నాలుక ఎర్రగ, పుండు లెక్క. మనసు చిన్నతనానికి మళ్ళిపోతే గిట్ల అయితదని పుస్తకంల ఉన్నది. బాగయ్యే ముందు ఒక్కోసారి ఎక్కువైతదని కూడ ఉన్నది. ఉన్నదనే అనుకుంటున్న, ఏ పుస్తకమో యాదికి వస్తలే.

మార్చి 5, బేస్తారం

వార్డుకు పోలే. బడిల పని ఉండె.

మార్చి 6, శుక్కురారం

పని లేకుండె నిన్న. ఇయ్యాల కూడ పోలే.

మార్చి 8, ఐతారం

గుడికెల్లి వస్తుంటే మారెమ్మ ఎదురైంది. "నీ బక్కమ్మను మంగళారం రైలుకు ఎక్కిస్తరట టీచరమ్మా. డాక్టరమ్మ కాగితం రాసింది. నిలవడితే పడిపోతాంది, రైలుల బతుకుతదో లేదో."

ఉరికిన. డాక్టరమ్మ అన్నం తింటాంది. తినేటామె ముంగట నిలబడి అంత చెప్పిన. మెడ, తాడు, చేతులు, కాల్చుకునుడు, ఎవరికి చెప్పకు అన్నది, చెప్పలే. ఏడ్చుకుంట చెప్పిన. పంపకుండ్రి, నా తప్పుకు ఆమెను పంపకుండ్రి అన్న.

డాక్టరమ్మ చేతిల ముద్ద అట్లనే ఉన్నది. "రెండు చేతులూనా? ఒకే ఎత్తున? గీత గీసినట్టు?"

"అవును."

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

చెప్పిన.

తిట్టలే. చెయ్యి కూడ సరిగ కడుక్కోకుంట లేచింది. ఆమె ముందు, నేను వెనుక. వార్డుల బక్కమ్మకు పెనుగులాడే సత్తువ కూడ లేకుండె. డాక్టరమ్మ మొదటిసారి గచ్చు మీద కూసున్నది. మెల్లగ దండలు తీసింది. "చేతులు చూపించు తల్లీ" అని రెండు చేతులు పట్టుకొని తిప్పి తిప్పి చూసింది. నాలుక చూసింది.

"తాడు కాదే పిచ్చిదానా. ఎండ. ఎండ తగిలిన చోటల్లా కాలింది. మెడ, చేతులు, పాదాలు. గుంటూరు జిల్లాలో ఇద్దరు ముగ్గుర్ని చూశాను, మొక్కజొన్న తప్ప వేరే తిండి లేనివాళ్ళు. పెల్లాగ్రా అంటారు. ముందు తోలు, తరవాత కడుపు, చివరికి బుర్ర. పిచ్చి కాదు ఇది. తిండి లేక వచ్చిన జబ్బు."

ఎండ కొరుకుతాంది అని చెప్పింది నాకు. వచ్చిన కొత్తలనే చెప్పింది. సక్కగ, ఉన్నదున్నట్టు చెప్పింది. నేను దానికి అర్థం తీసిన.

"విరేచనాలు నాకు తెలుసు, మెడ నీకు తెలుసు" అన్నది డాక్టరమ్మ. నా మీద ఒర్రుతదనుకున్న. "ఆడదాన్నయ్యుండి దండ తీసి చూడలేదు నేను. మొత్తుకుంటోందని దూరం నుంచి మందు రాశాను. పిచ్చిది అనుకున్నాక ఒళ్ళు ఎవడు చూస్తాడు?"

కాగితం చించేసింది.

మార్చి 10, మంగళారం

రైలు పోయింది. కూత వినవడ్డది, పానం నిమ్మళమైంది.

పాలు, గుడ్లు, కార్జం ఉడికించిన రసం పెట్టమన్నది డాక్టరమ్మ. బక్కమ్మ ఒక్కటి ముట్టలే. ముక్కు మూసి పాలు పోసిండ్రు, మారెమ్మ పట్టుకున్నది. మొత్తం కక్కింది, ఏడ్చింది, చేతిని కరిచింది. ఇగ సాలు ఆపుండ్రి అని నేనే ఒర్రిన. జొన్నంబలి అయితే తాగుతది, రెండు గుక్కలు.

మద్రాసుకు టెలిగ్రాం తారు కొట్టింది డాక్టరమ్మ. కొత్త మాత్రలున్నయట, కనిపెట్టి నాలుగైదేండ్లే అయిందట. యుద్ధం పుణ్యాన దొరికితే దొరుకుతయి, లేకుంటే లేదు.

మార్చి 14, శనారం

ఒక్క సీసా దొరికింది. మాత్ర అయితే మింగుతాంది. నీళ్ళతోని.

మార్చి 19, బేస్తారం

"జానమ్మ టీచరు వచ్చిందా?" అని బక్కమ్మ అడిగిందట మారెమ్మను. నా పేరు ఎర్కనా ఆమెకు! పోయిన. లేచి కూసున్నది. జుట్టు దువ్వించుకున్నది. రాత్రంత పండుకున్నదట. మంచం కింద గొర్రెపిల్లలు లేవట, "ఉంటయా, పిచ్చిగాకపోతె" అని తనే అన్నది. నాలుక సల్లవడ్డది.

నేను నెల పొడుగుత కూసొని చెయ్యనిది గోటంత మాత్ర చేసింది. నాకు సంతోషమా? సంతోషమే. రాసుకోవాలె గదా నిజం, సంతోషం సగమే. ఇగ నన్ను వార్డుకు ఎందుకు రానిస్తరు? ఆ ప్రొఫెసర్‌కని షురూ చేసిన వ్యాసం పొయ్యిల పెట్టిన.

ఇది రాస్తుండంగనే డాక్టరమ్మ నన్ను వెతుక్కుంట బడి కాడికి వచ్చింది. బడికి! చిన్నపిల్లల బెంచీ మీద కూసున్నది, మోకాళ్ళు గదుమకు తాకుతున్నయి.

"సీసాలో మాత్రలు ఈస్టర్ దాకా కూడా రావు. అయిపోయాక? పాలు ముట్టదు, మాంసం ముట్టదు, ఎండాకాలం వచ్చేసరికి మళ్ళీ మొదటికొస్తుంది. ఈసారి మిగలదు. మీ ఊళ్ళల్లో అందరూ జొన్నరొట్టే తింటారు. అందరికీ రాలేదు. ఈమెకే ఎందుకొచ్చింది? ఆమె పాలెందుకు మానేసింది? నేనడిగితే గొంగడి కప్పుకుంటుంది. నువ్వడుగు జానమ్మా."

నువ్వడుగు అన్నది. శ్యామలమ్మ గారు.

మార్చి 21, శనారం

పాలెందుకు తాగుతలేవని అడుగలే. నెల కింద అయితే అడుగుదును. ఐలేశం పాలు తాగుతుండెనా అని అడిగిన.

బక్కమ్మ నవ్వింది. "తాగుతుండె. మేక పొదుగుకు నోరువెట్టి తాగేటోడు. మేక గూడ తన్నకపోవు వాన్ని."

శానసేపు ఆ పోరని ముచ్చట్లే. గొంగట్ల దూరి దాసుకునుడు, కుక్కను నాయినా అని పిలుసుడు. నేను మధ్యల మాట్లాడలే. తర్వాత తనే అన్నది.

"జరం ముదిరినప్పుడు ఆయిన లేడు. నేనే మా బీరప్ప దేవుని గుడి ముంగట బండారి పసుపు పట్టుకొని మొక్కిన. పోరడు లేచి నడిచేదాక పాలు ముట్ట, పెరుగు ముట్ట, నీసు ముట్ట అని."

"అయ్యో బక్కమ్మా. మరి పోరడు..."

"లేవలే."

"లేవలేదు. ఇగ మొక్కు ఎక్కడిది? పిల్లగానితోనే పోయింది గద."

నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది. "సచ్చేదాక అని మొక్కలే టీచరమ్మా. లేచేదాక అని మొక్కిన. ఇప్పుడు నేను పాలు తాగితే, వాడు ఇగ లేవడని నేనే ఒప్పుకున్నట్టు. తల్లిని. నేనే ఎట్ల ఒప్పుకుంట?"

నాకు ఏడుపు ఆగలే. ఆమెనే నా వీపు నిమిరింది.

ఎవరికి చెప్పకు అనలే ఈసారి. అయినా అడిగిన, డాక్టరమ్మకు చెప్పనా అని. "చెప్పు. ఆమె గూడ సూస్తనే ఉన్నది గద పాపం" అన్నది.

మార్చి 23, సోమారం

ఏప చెట్టు కింద కూసున్నం. డాక్టరమ్మ, నేను, బక్కమ్మ, బీరన్న. మొక్కు సంగతి బీరన్నకు ఇయ్యాలనే తెలిసింది. దుఃఖంల తింటలేదనుకున్నడట. రుమాలుల మొకం పెట్టుకొని శానసేపు ఏడ్చిండు.

"మా దాంట్ల మొక్కు దించరాదు" అన్నడు తర్వాత. "చేతులు మార్సొచ్చు. మా నాయిన మొక్కు మా చిన్నాయిన పట్టుకున్నడు. బండారి చేతుల పోస్తె అయిపాయె. నాకియ్యమనుండ్రి. నేను పట్టుకుంట."

"పాలూ మాంసమూ నువ్వు మానేస్తే వచ్చే ఏడు నిన్ను బండిలో ఎవరు తెస్తారయ్యా?" అన్నది డాక్టరమ్మ.

"నేను ఆయినకియ్య" అన్నది బక్కమ్మ. "వాడు లేస్తడని ఆయినకు ఆశ లేదు. ఆశ లేనోని చేతుల పోస్తె నేల మీద పోసినట్టే." అని నా దిక్కు తిరిగింది. "టీచరమ్మా, మీ గుడిల సచ్చినోళ్ళు లేస్తరని చెప్తరట గద. మారెమ్మ అన్నది. నిజమేనా?"

"చెప్తరు" అన్న.

"చెప్పుడు కాదు. లేస్తరా?"

ఎండ పడుతుండె. అందరు నా మొకమే చూస్తుండ్రు. లేస్తరు అన్న.

"అయితె నువ్వు పట్టుకో" అన్నది.

మార్చి 24, మంగళారం

డాక్టరమ్మ అంటది: "పట్టుకున్నట్టు పట్టుకో. ఆమె ఊరికి పోయాక నీ టీలో పాలు పోసుకో. ఎవరికి తెలుస్తుంది? ఆమె బతకడం ముఖ్యం. ఇది కూడా మందే అనుకో."

నా శాస్త్రం కూడ గదే చెప్తది. రోగికి నమ్మకం కావాలె, నిజం అక్కరలే. నెల కింద అయితే నేనే డాక్టరమ్మకు ఈ పాఠం చెప్పి మురిసిపోదును.

"నాకు తెలుస్తది" అన్న.

కోపమొచ్చింది నాకు. ఎవరి మీదనో తెల్వదు. నమ్ముతున్ననా నేను? పుట్టినప్పటి సంది పాడుతున్న, పిల్లలతోని పాడిస్తున్న. ఇంతవరకు నన్ను గిట్ల నిలబెట్టి ఎవ్వరు అడుగలే. ఆ శుక్కురారం పల్లీ పట్టీ ముక్క తిన్నదాన్ని. మూడొద్దులు ఆగలే బెల్లం మీద. నా ఉపాసానికి ఈస్టర్ ఉన్నది. బక్కమ్మదానికి లేదు.

మార్చి 26, బేస్తారం

మాత్రలు అయిపోవస్తున్నయి. గూడెంల మా బాపును అడుగుదామని పోయిన. ఏమడగాలె? సచ్చినోళ్ళు లేస్తరా బాపూ అనా? జీతంల నడుం ఇరిగి, మా అమ్మను, ఇద్దరు తమ్ములను మన్నుల పెట్టి, ఐతారం ఐతారం గుడిల అందరికన్న పెద్దగ పాడేటాయినను? తిన్నవా బిడ్డా అన్నడు. తిన్న అన్న. వచ్చిన.

మార్చి 29, ఐతారం

మట్టల ఆదివారం. గుడి అయినంక పోయిన.

బీరన్న సంచిలకెల్లి బండారి తీసి బక్కమ్మ దోసిట్ల పోసిండు. పచ్చని పసుపు. ఆమె చేతుల మీద నల్ల పొట్టు రాలిపోయి కింద లేత తోలు వచ్చింది. నేను దోసిలి పట్టిన, బక్కమ్మ బండారి అంత నాకు పోసింది. మిషన్ టీచరు ఏప చెట్టు కింద బీరప్ప బండారి పడుతాంది, దొర చూస్తే ఏమంటడో అనుకున్న. అనుకొని మర్చిపోయిన.

"పోరడు లేచి నడిచేదాక" అన్నది బక్కమ్మ.

"పోరడు లేచి నడిచేదాక" అన్న.

"పాలు ముట్ట, పెరుగు ముట్ట, నీసు ముట్ట."

నేను నోరు తెరిచేలోపల డాక్టరమ్మ ముందుకొచ్చింది. "ఆగు. రెండూ ఒక్కతే మానడానికి వీల్లేదు. ఈ ఎండల్లో దీని చేతులూ అలాగే అవుతాయి. తిండి సంగతి నాది, నేను ఒప్పుకోను." దోసిలి పట్టింది. డాక్టరమ్మ! ఏమీ మానని మనిషి, మాంసం లేనిదే ముద్ద దిగని మనిషి. "నీసు నాకు పొయ్యి. మొక్కు సగం చేయొచ్చా, బీరన్నా?"

బీరన్న తల గోక్కున్నడు. "మనుషులు ఇద్దరైతె ఏమైతది అమ్మా. బరువు అదే గద."

బక్కమ్మ నా దోసిట్లకెల్లి సగం తీసి ఆమె దోసిట్ల పోసింది. డాక్టరమ్మ నా దిక్కు చూడలే. దోసిట్ల పసుపునే చూస్తాంది.

మారెమ్మ ముంతల పాలు తెచ్చింది. బక్కమ్మ తాగింది. కండ్లల్ల ఏడుపు, మూతి మీద పాలు. మొత్తం తాగింది. ముంత తిరగేసి చూపింది మాకు, పిల్లలు చూపినట్టు.

ఏప్రిల్ 5, ఐతారం. ఈస్టర్

బక్కమ్మ నిన్ననే పోయింది. నడిచే పోయింది గేటు దాక, ఎండల, తల మీద కొంగు వేసుకొని. బండి ఎక్కుకుంట "ఐలిగాడు లేస్తె నాకు ఖబరు చెయ్యి" అన్నది నాతోని. నవ్వులాటకు అన్నదో, మనసులకెల్లి అన్నదో మనశ్శాస్త్రం చదివిన నాకు తెల్వలే. బీరన్న ఎడ్లను తోలుకుంట వెనుకకు తిరిగి తిరిగి చూసిండు.

తెల్లారంగ గుడి నిండింది. బాపు అందరికన్న పెద్దగ పాడిండు.

పగలు మిషన్ల విందు. పులావు వడ్డిస్తుంటే డాక్టరమ్మ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. పండుగ పూట ఏమైందమ్మా అని దొరసాని అడిగితే "కడుపు బాగాలేదు" అన్నది. పాయసం నా దాక వచ్చింది. నాకు కూడ కడుపు బాగలేదన్న. మారెమ్మ కొంగు నోట్ల కుక్కుకొని బయటికి ఉరికింది.

విందు అయినంక డాక్టరమ్మ గదిల ఇద్దరం పాలు లేని టీ పెట్టుకున్నం. ఆమె పోసుకోవచ్చు పాలు, పోసుకోలే. పల్లీలు తింటున్నవా, ఆకుకూర తింటున్నవా, గుడ్డు తింటున్నవా అని అడిగింది. గుడ్డు మొక్కుల రాదా అని అడిగిన. బీరన్నను అడిగి తెలుసుకున్నదట, నీకు రాదు, నాకు వస్తుంది అన్నది.

ఆమె కండ్ల కింద నల్లగ ఉన్నది. "నిద్ర పడుతలేదా డాక్టరమ్మా?" అన్న. మామూలుగ అయితే నీకెందుకు అంటది.

"పట్టడం లేదు" అన్నది. "మద్రాసులో గొంగడి తియ్యకుండా మందు రాసినవాళ్ళు ఎంతమందా అని లెక్కపెట్టుకుంటున్నాను." విన్న. శానసేపు చెప్పింది, ఏడాదిలో చూసిన ఒక్కొక్కరి ముచ్చట. టీ సల్లారిపోయింది.

ఆఖరికి తనే అడిగింది. "నువ్వు నిజంగా నమ్ముతున్నావా, ఆ పిల్లాడు లేస్తాడని?"

"పొద్దుగాల పాట పాడేటప్పుడు" అన్న, "తలుపు దిక్కు చూసిన డాక్టరమ్మా. రెండు మూడుసార్లు చూసిన."

ఆమె అద్దాలు సరిచేసుకున్నది.

"చేతులు చూపించు" అన్నది.

చూపిన. రెండు తిప్పి తిప్పి, గోర్ల సందులల్ల బండారి పచ్చ ఇంకా పోలేదు, గది కూడ చూసింది. బాగున్నాయి, మళ్ళా వచ్చే ఆదివారం రా అన్నది.